మునికొంగకు రెండో చెయ్యి

పళ్ళక్క అంటే పళ్ళమ్మే ఆవిడేమోనని, పిట్టలు చూసే గుంపులో కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు ఆమె సంచీ వైపు ఆశగా చూస్తారు. సంచీలో ద్రాక్షలూ ఉండవు, దానిమ్మలూ ఉండవు. ఒక పాత బైనాక్యులర్, ఒక తువ్వాలు, మంచినీళ్ళ సీసా, అంతే. ఆమె చేసేవి నమిలి మింగే పళ్ళు కావు, నమలడానికి పనికొచ్చే పళ్ళు. పళ్ళ డాక్టరు గారి క్లినిక్కు వెనకగదిలో కూర్చుని ఆ ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళ నవ్వుల్ని ఆమే తయారు చేసింది. వాళ్ళలో ఒక్కరికి కూడా ఆమె మొహం తెలియదు.

ఆ గదిలోకి మెట్ల కింద నుంచి వంగి వెళ్ళాలి. వంగడం మరిచిపోయినవాళ్ళ నెత్తిన బొప్పి కట్టడం ఖాయం. లోపల ఒక బల్ల, బల్ల మీద గులాబీరంగు మైనం, సుద్దలా తెల్లటి దవడ అచ్చులు, గిర్రున తిరిగే చిన్న ఆకురాయి, సన్నటి కత్తులు. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో చూపించడానికి నమూనా పళ్ళు వరసగా గుచ్చిన పలక ఒకటి. పొగ తాగేవాడి తెలుపు వేరు, టీ తాగేవాడి తెలుపు వేరు, ఏ అలవాటూ లేదని డాక్టరు దగ్గర ఒట్టేసినవాడి తెలుపు వేరు. పళ్ళన్నీ మరీ తీర్చిదిద్దినట్టుంటే ఎదుటివాడు ఇట్టే పట్టేస్తాడని, ముందు పళ్ళలో ఒకదాన్ని ఆమె కావాలనే పిసరంత పక్కకి తిప్పుతుంది. "మా నాన్నవి సొంత పళ్ళే అనుకుంటున్నారండీ అందరూ" అని ముందుగదిలో ఎవరైనా డాక్టరు గారితో అంటే, తలుపు సందులోంచి విని ఆ పూటంతా కూనిరాగాలు తీస్తుంది.

ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ వెనక కాలవ వైపు తెరుచుకుంటుంది. పిట్టల పిచ్చి ఆమెకు ఆ కిటికీలోంచే పట్టుకుంది. పెళ్ళి కాకముందు, పనిలో చేరిన కొత్తల్లో, ఒక మధ్యాహ్నం కాలవ గట్టు మీద తెల్ల రొమ్ము నీటికోడి ఒకటి నడుచుకుంటూ వచ్చింది. మొహం నిండా పౌడరు రాసుకుని పేరంటానికి బయల్దేరినదానిలా అటూ ఇటూ చూసి, తోక ఎగరేసి, గడ్డిలోకి దూరిపోయింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆమె చేతిలోని మైనం గట్టిపడిపోయింది. మర్నాడు అదే వేళకి మళ్ళీ వస్తుందని కాచుకుని కూర్చుంది. రాలేదు. ఆ రాకపోవడమే ఆమె కొంప ముంచింది. వచ్చి ఉంటే చూసి ఊరుకునేదేమో!

మొగుడిది బేకరీలో పొయ్యి దగ్గర పని. ఊరు దుప్పటి ముసుగేసుకున్నాక ఆయన పనిలోకి వెళతాడు, తెల్లవారుజామున వచ్చి పడుకుంటాడు. ఆమె లేచి, వండి, ఆయన గిన్నెల మీద మూతలు పెట్టి క్లినిక్కుకి పోతుంది. "మీరు కాపురం చేస్తున్నారా, కాపలా మారుతున్నారా?" అని అత్తగారు బతికున్న రోజుల్లో నవ్వేది. ఇద్దరూ ఒకచోట మెలకువగా ఉండేది ఆదివారమే. ఆ ఆదివారం కాస్తా ఆమె ఊరి బయట పిట్టలు చేరే చిత్తడి నేలకు రాసిచ్చేసింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. పొయ్యి పని ముగించి, చేతులు కడుక్కుని, వేడి రొట్టెలు సంచీలో వేసుకుని, తిన్నగా బస్టాండుకే వచ్చేసేవాడు.

గుంపులో ఆయన పేరు రొట్టెల బావ. పిట్టలంటే ఆయనకు ఇష్టమూ లేదు, కోపమూ లేదు. వెళ్ళే బస్సులో ఆమె భుజం మీద ఒక నిద్ర, అక్కడికి వెళ్ళాక బల్ల మీద ఒక నిద్ర, తిరుగు బస్సులో ఇంకో నిద్ర. "బావగారు గురక మొదలెట్టారు, ఇంక పిట్టలకి ధైర్యం వస్తుంది" అని లైబ్రరీ అమ్మాయి ఆటపట్టించేది. ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వేవాడు.

గుంపంటే మరీ పెద్దదేం కాదు. లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఈ అమ్మాయి, మెడలోంచి టేపు తియ్యడం ఆదివారం కూడా మరిచిపోయే దర్జీ, ఈ మొగుడూ పెళ్ళాలు, అందరికీ పెద్ద తూకం మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన పని కొట్లకి వెళ్ళి తక్కెళ్ళూ తూనికరాళ్ళూ పరీక్ష చెయ్యడం. రిటైరై చాలాకాలమైనా, ఆయన వీధిలో కనిపిస్తే కూరగాయల కొట్టువాడు ఇప్పటికీ తక్కెడ తుడుస్తాడు. అలాంటి మనిషి చేతిలో పడ్డాక పిట్టలకు మాత్రం తూకం తప్పుతుందా?

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. చిత్తడి నుంచి తిరిగొచ్చాక, బస్సు ఆఖరి స్టాపులో ఉన్న టీకొట్టు బెంచీల మీద అందరూ కూర్చుంటారు. మాస్టారు నిలబడి ఒక్కొక్క పిట్ట పేరూ పిలుస్తారు. చూసినవాళ్ళు చెయ్యి ఎత్తాలి. రెండు చేతులు లేస్తే ఆ పిట్ట ఆ రోజు వచ్చినట్టు. ఒక్క చెయ్యే లేస్తే రానట్టు. ఇక ఆ తీర్పు మీద అప్పీలు లేదు. "ఒక్కరికే కనపడితే అది కోరికమ్మా, ఇద్దరికి కనపడితే పిట్ట" అంటారాయన. తగువులు రాకుండా ఉండడానికి పెట్టిన పద్ధతే. తగువులు రాలేదు కూడా. పళ్ళక్క విషయంలో వచ్చింది తగువు కాదు, అంతకన్నా అధ్వాన్నమైనది.

మునికొంగ సంగతి ఇక్కడ చెప్పాలి. పుస్తకాల్లో దానికేదో బారెడు పేరుంది గానీ వీళ్ళు పెట్టుకున్న పేరు ఇదే. ఒళ్ళంతా ఎండురెల్లు రంగు, దాని మీద నిలువునా చారలు. మనిషి అలికిడి అయితే చాలు, మెడా ముక్కూ ఆకాశం వైపు నిలబెట్టి బిగుసుకుపోతుంది. ఇంక ఏది కొంగో ఏది రెల్లో దాని కన్నతల్లి కూడా చెప్పలేదు. ఖాళీ కూజా మూతి దగ్గర ఎవరో ఊదినట్టు 'బూం' అనే దాని గొంతు మాత్రం అందరూ విన్నారు. కళ్ళు కాయలు కాచేలా వెతికినా మాస్టారికి కూడా అది ఎప్పుడూ కనపడలేదు.

కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం పళ్ళక్క దాన్ని చూసింది. అవతలి మడుగులో కొత్త బాతులు దిగాయని మిగతావాళ్ళు అటు పరిగెత్తారు. పిట్టల్ని చాటు నుంచి చూసే చెక్కగదిలో ఆమె, బల్ల మీద వెల్లకిలా మొగుడు. ఆయన్ని తట్టి లేపింది. ఆయన కళ్ళు నులుముకుని చూసేసరికి రెల్లు తప్ప ఏమీ లేదు. ఆ రోజు టీకొట్టు దగ్గర "మునికొంగ" అని మాస్టారు అలవాటుగా పిలిస్తే ఆమె చెయ్యి లేచింది. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. "ఇంకెవరు చూశారు?" అన్నారు మాస్టారు. తలలన్నీ రొట్టెల బావ వైపు తిరిగాయి. ఆయన టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, "నేను చూళ్ళేదండీ. పడుకున్నాను" అన్నాడు.

ఉన్నమాటే అన్నాడు. ఆమె చెయ్యి కాసేపు గాల్లో అలాగే ఉండిపోయింది. దించాక ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. మాస్టారు తరవాతి పేరు పిలిచారు. అది ఎలా ఉంది, ఏం చేసింది అని ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు.

ఆ తరవాత 'అక్క మునికొంగ' అనే మాట గుంపులో వాడుకలోకి వచ్చింది. బస్సు ఆలస్యమైతే, "ఇవాళ మన బస్సు అక్క మునికొంగ అయిపోయింది" అనేవాడు దర్జీ. ఎవరి మనసులోనూ విషం లేదు. ఆమె కూడా అందరితో పాటు నవ్వేది. నవ్విన ప్రతిసారీ లోపల ఎక్కడో చురుక్కుమనేది. మొగుడి మీద కోపం తెచ్చుకుందామంటే దానికీ వీల్లేదు. అబద్ధమాడమని ఆమె ఎలా అడుగుతుంది? ఆడి ఉంటే ఆమెకే అసహ్యం వేసేది. మరి ఆయన ఏం చెయ్యాల్సింది? ఎంత ఆలోచించినా ఆమెకు అంతుపట్టలేదు. తప్పు పట్టడానికి లేక, మరిచిపోవడానికి లేక, ఇంట్లో ఇద్దరూ ఉప్పూ పప్పూ మాట్లాడుకున్నారు గానీ ఆ కొంగ మాట మళ్ళీ ఎత్తలేదు. తను చూసింది నిజమని ఒక్కరైనా ఒప్పుకోవాలి. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే. అందుకు ఒకటే దారి కనిపించింది: ఆ కొంగని ఇంకొకరి కళ్ళకి చూపించాలి. ప్రతి ఆదివారం ఆమె వెళుతున్నది అందుకే.

ఈ ఆదివారం మంచు బాగా పట్టింది. చిత్తడి మీద వేసిన చెక్కల దారి తడిసి నల్లగా మెరుస్తోంది. ముందు నడుస్తున్న దర్జీ వీపు కనిపిస్తోంది గానీ ఆయన ముందున్న మాస్టారు ఎప్పుడో మంచులో కలిసిపోయారు. నీళ్ళూ ఆకాశమూ ఒకే తాను గుడ్డలోంచి కత్తిరించినట్టున్నాయి. ఆ గుడ్డ మీద ఎక్కడో ఒక బొల్లికోడి నుదుటి తెల్లమచ్చ ఒక్కటే ఈదుకుంటూ పోయింది. ఒళ్ళు కనిపించలేదు. పొడుగు వేళ్ళ పిట్ట ఒకటి తామరాకుల మీద అడుగులేస్తూ వచ్చి, ఆకులు అయిపోయిన చోట ఆగి, ఇంటి తాళం మరిచిపోయినదానిలా వెనక్కి తిరిగింది. కాళ్ళ కింద నుంచి ఒక ఉల్లంకి పిట్ట చివ్వున లేచి మెలికలు తిరుగుతూ పోతే లైబ్రరీ అమ్మాయి గుండె చేత్తో పట్టుకుంది. మళ్ళీ అంతా నిశ్శబ్దం.

అప్పుడు వినపడింది. 'బూం'. ఎటు నుంచో తెలియదు, నీళ్ళ అడుగు నుంచేమో. అరికాళ్ళ కింద చెక్క కూడా అదిరినట్టనిపించింది. పళ్ళక్క ఆగిపోయింది. తను ఇంకా నిద్ర లేవలేదేమో, ఇంట్లో మంచం మీద పడుకునే ఇదంతా చూస్తోందేమో అనుకుంది. అలా అయినా ఫరవాలేదనిపించింది. వెనక నుంచి రొట్టెల బావ వచ్చి ఆమె వీపుకి గుద్దుకున్నాడు. నడుస్తూ నిద్రపోవడం ఆయనకి కొత్త కాదు.

"ఏమిటే, ఆగావు?"

"విన్నారా?"

"ఏం వినాలి?"

"సరే, పదండి" అంది ఆమె.

దారి చివర, రెల్లు మధ్య, స్తంభాల మీద కట్టిన చెక్కగది ఉంది. మాటుగది అంటారు దాన్ని. లోపల కూర్చుంటే పిట్టలకి మనుషులు కనపడరు, గోడల్లో కళ్ళ ఎత్తున కోసిన పొడుగాటి సందుల్లోంచి మనుషులకి పిట్టలు కనపడతాయి. ముందు గోడ సందుల్లోంచి మడుగంతా పరుచుకుని ఉంటుంది. వెనక గోడకీ ఒక సందు ఉంది గానీ, దాని అవతల చేతికందేంత దగ్గరలో రెల్లు గోడకట్టి ఉంటుంది కాబట్టి అటు ఎవరూ చూడరు. ఆ వెనక బల్ల రొట్టెల బావది. అందరికీ తలో రొట్టె ముక్కా పంచి ఆయన తన చోటుకి పోయి కూర్చున్నాడు.

మంచు కదలడం మొదలుపెట్టింది. ఒకచోట పలచబడుతోంది, ఇంకోచోట మూసుకుంటోంది. మడుగు అవతలి ఒడ్డున రెల్లు ఒకసారి బయటపడి మళ్ళీ మాయమైంది. ఆ ఒక్క క్షణంలో పళ్ళక్క చూసింది: రెల్లు అంచున నిటారుగా, పైకెత్తిన ముక్కు, సన్నటి మెడ, లావుపాటి ఒళ్ళు.  పక్కనున్న మాస్టారి మోచెయ్యి పట్టుకుంది.

"మాస్టారూ. అదిగో. ఎండిన చెట్టుకి ఎడమపక్క."

మాస్టారు బైనాక్యులర్ ఎత్తారు.  "అవునమ్మా" అన్నారు ఆయన. "అవునమ్మా, అవును." దర్జీ చూశాడు. లైబ్రరీ అమ్మాయి చూసింది, చూసి కెమెరా టకటకా నొక్కింది. మంచు దాన్ని మూసేస్తోంది, మళ్ళీ చూపిస్తోంది. కదలదు, మెదలదు. "ఎంత ఓపిక దానికి!" అని గుసగుసలాడాడు దర్జీ. "కొంచెం ఎడమకి తిరిగింది" అంది లైబ్రరీ అమ్మాయి. "కన్ను కూడా తెలుస్తోంది" అన్నారు మాస్టారు. నలుగురూ నాలుగు సందులకి మొహాలు ఆనించి, చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. పళ్ళక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంక ఎవరూ 'అక్క మునికొంగ' అనరు. ఆమెకు అందరి మీదా ప్రేమ పుట్టుకొచ్చింది, దర్జీ మీద కూడా.

ఇంతలో నీలంగా ఏదో మెరిసింది. లకుముకి పిట్ట ఒకటి మడుగు మీదుగా సూటిగా దూసుకొచ్చి, ఏ మాత్రం మొహమాటం లేకుండా మునికొంగ ముక్కు చివర వాలింది. వాలి, రెక్కలు సర్దుకుని, కిందకి నీళ్ళలోకి చూసింది.

 మంచు పూర్తిగా విడింది. ఎండలో అది నిక్షేపంగా ఒక విరిగిన మొద్దు.

మొదట నవ్వింది దర్జీ. తరవాత లైబ్రరీ అమ్మాయి పొట్ట పట్టుకుని కూలబడింది. "కన్ను కూడా తెలిసింది కదండీ మాస్టారూ!" మాస్టారు మొహం కందగడ్డ అయిపోయింది. బైనాక్యులర్ అద్దాలని తువ్వాలుతో తుడిచారు, తప్పంతా వాటిదే అయినట్టు. పళ్ళక్క కూడా నవ్వింది. నవ్వు ఆగాక ఆమె మళ్ళీ ఆ మొద్దు వైపు చూసింది. ఇవాళ మొద్దుని కొంగంది. అయితే ఆ రోజు చూసింది కూడా మొద్దేనేమో! ఇన్నేళ్ళలో ఆమెకు ఆ అనుమానం రావడం అదే మొదటిసారి, అది కాలవలో నీళ్ళలా చల్లగా లోపలికి దిగింది.

ఆమె వెనక్కి తిరిగింది. రొట్టెల బావ నిద్రపోవడం లేదు. వీళ్ళ నవ్వులకి ఉలుకూ పలుకూ లేకుండా, వెనక సందుకి మొహం ఆనించి, చేతిలో సగం కొరికిన రొట్టెతో అలాగే కూర్చుని ఉన్నాడు.

"ఏమండీ, పదండి. అందరూ లేస్తున్నారు."

ఆయన తల తిప్పి ఆమెను చూశాడు. ఆ చూపు ఎక్కడి నుంచో చాలా దూరం నడిచి వచ్చినట్టుంది. నిద్రమత్తు అనుకుంది ఆమె. సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. దారి పొడుగునా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

టీకొట్టు దగ్గర మాస్టారు నిలబడ్డారు. మొద్దు దెబ్బకి గొంతు కాస్త తగ్గింది గానీ పద్ధతి పద్ధతే. బొల్లికోడికి చేతులన్నీ లేచాయి. ఉల్లంకికి మూడు. లకుముకి పేరు రాగానే అందరూ మళ్ళీ నవ్వి రెండేసి చేతులెత్తారు. ఆఖరున, ఎప్పటిలాగే, "మునికొంగ" అన్నారాయన. అని, తను ఎందుకు అన్నానా అన్నట్టు నాలిక కరుచుకున్నారు. పళ్ళక్క తల వంచుకుని టీ గ్లాసులోకి చూసింది.

"బావగారూ!" అంది లైబ్రరీ అమ్మాయి.

పళ్ళక్క తలెత్తింది. ఆమె పక్కన రొట్టెల బావ చెయ్యి లేచి ఉంది. ఇన్నేళ్ళుగా కాకికి కూడా ఎత్తని చెయ్యి. మోచేతి మడతలో ఇంకా తెల్లగా పిండి అంటుకుని ఉంది.

"బావగారికి కల వచ్చింది" అన్నాడు దర్జీ. "కలలో పిట్టలకి కూడా లెక్కుందా మాస్టారూ?"

"మెలకువగానే ఉన్నాను" అన్నాడు రొట్టెల బావ నెమ్మదిగా. "మీరంతా ముందు వైపు మొద్దుని చూస్తున్నప్పుడు, వెనక సందు దగ్గరికి వచ్చింది. ఇంత దగ్గరికి. పిలుద్దామంటే నోరు రాలేదు. పిలిస్తే పోతుందని..."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఏమంటారో పళ్ళక్కకి తెలుసు.

"ఇంకెవరు చూశారు?"

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. రొట్టెల బావ ఒక్కడే తిరగలేదు. ఆమె చూడలేదని ఆయనకు తెలుసు. సాయం అడగడానికి చెయ్యి ఎత్తలేదు. చూశాడు కాబట్టి ఎత్తాడు. ఆ చెయ్యి అలా గాల్లో ఉండడం ఎంత చలిగా ఉంటుందో ఆ బెంచీల మీద ఆమెకొక్కదానికే తెలుసు.

దాచడం దేనికి, మొదట ఆమెకు కలిగింది సంతోషమే. ఇప్పుడు తెలిసిందా అనుకుంది. ఆ సంతోషం గుక్కెడు టీ మింగేంతసేపు కూడా నిలవలేదు. ఆయన మొహం చూసింది. పొయ్యి వేడికి కమిలిన ఆ మొహంలో, పెళ్ళినాడు కూడా లేని వెలుగు ఉంది. తనూ చెయ్యి ఎత్తేస్తే? వేళ్ళు కదిలాయి కూడా. ఎత్తితే పిట్ట లెక్కలోకి వస్తుంది, ఆయనకి మాత్రం అబద్ధం దక్కుతుంది. ఆమె చేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది.

"నేను చూడలేదు" అంది.

రొట్టెల బావ చెయ్యి కిందికి దిగబోయింది.

"నేను చూడలేదు గానీ, ఈయన చూశాడు" అంది పళ్ళక్క. తన గొంతు ఇంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. "మునికొంగ ఇవాళ వచ్చింది. ఈయన చూశానంటే చూసినట్టే."

"అలా కాదమ్మా. చూడకుండా ఎలా చెబుతావు? రెండు చేతులు..."

"కొంగ సంగతి నేను చెప్పట్లేదు మాస్టారూ. ఈ మనిషి సంగతి చెబుతున్నాను."

 "అయితే లెక్కలోకి రాదు" అన్నారు మాస్టారు, ఈసారి కొంచెం నొచ్చుకుంటూ.

"రాకపోతే మానె" అంది ఆమె, టీ గ్లాసు బెంచీ మీద పెట్టి లేస్తూ.

తిరుగు బస్సులో వాళ్ళిద్దరికీ వెనక సీటు దొరికింది. ఎప్పుడైనా బస్సు కదిలేలోపే ఆయన తల ఆమె భుజం మీదికి వాలిపోయేది. ఇవాళ వాలలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు.

"ఆ రోజు" అన్నాడు.

ఏ రోజు అని ఆమె అడగలేదు.

"ఆ రోజు నేనూ ఇదే మాట అనుండొచ్చు కదే. నేను చూళ్ళేదు గానీ మా ఆవిడ చూసింది అని. నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాను."

"నాకు మాత్రం తట్టిందా? ఇలా కూడా అనొచ్చని ఇవాళే తెలిసింది. అప్పుడే తెలిసుంటే మెడలు వంచి అనిపించేదాన్ని కదూ!"

ఆయన నవ్వాడు. ఆమెకు ఏడుపొచ్చింది. తువ్వాలు తీసుకుని, ఎవరు చూస్తే ఏమిటని, హాయిగా ఏడ్చింది. ఆయన కిటికీ అద్దం సగం మూశాడు, గాలి ఎక్కువగా ఉందని. తరవాత అడిగాడు:

"నీ కొంగ ఎలా ఉంది?"

ఇన్నేళ్ళుగా ఈ మాట అడిగేవాళ్ళు లేక ఆమె ఆ సంగతి వెనకగదిలో దవడ అచ్చులకి ఎన్నోసార్లు చెప్పుకుంది. తీరా అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"గాలి వేస్తోంది. రెల్లంతా ఊగుతోంది, అదీ రెల్లుతో పాటే ఊగుతోంది. గాలి ఆగింది. రెల్లు ఆగింది. అది మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా ఆగింది. అప్పుడు పట్టుకున్నాను."

"మొద్దయితే ఊగదు కదా" అన్నాడాయన.

ఆమె ఆయన వైపు తిరిగి చూసింది. పొద్దుటి నుంచి లోపల చల్లగా పేరుకున్నదేదో కరిగిపోయింది. "ఊగదు" అంది. "ముక్కు పైకే ఉంది, కళ్ళు మాత్రం ముక్కుకి రెండు పక్కల నుంచీ కిందికి, నా వైపే."

"పసుపు కళ్ళు."

"పసుపే!"

"కాళ్ళు చూశావా?"

"నీళ్ళలో ఉన్నాయి. కనపళ్ళేదు."

"లేతాకుపచ్చగా ఉన్నాయే. వేళ్ళు ఇంతింత." ఆయన అరచెయ్యి చాపి చూపించాడు. "బురద మీద నడిచింది."

ఆమె కళ్ళు మూసుకుంది. ఎన్నో ఏళ్ళుగా ఆమె కళ్ళ వెనక ఒకే చోట నిలబడి ఉన్న కొంగ కాలు కదిపింది. "ఎలా నడిచింది?"

 "ఎలాగంటే... తెల్లారకముందే నేను ఇంటికొచ్చి, నువ్వు లేస్తావేమోనని, ఒక కాలు ఎత్తి, ఆగి, నీ వైపు చూసి, అప్పుడు దించుతానే, అచ్చం అలాగ. చప్పుడు కాకుండా. నీకు తెలియదులే, నిద్రలో ఉంటావు."

"నేనెప్పుడూ మేలుకునే ఉంటాను" అంది ఆమె.